పట్టుబడిన తాబేలు ఏ ఊరికి తిరిగి వెళ్లాలి?

తొలకరి పడగానే మెట్ట నేలల్లో మేతకు బయలుదేరే నక్షత్ర తాబేలును గడ్డిలో గుర్తుపట్టడం అంత తేలిక కాదు. నల్లని డిప్ప మీద ఒక్కో పలక నడుమ నుంచి కిరణాల్లా విచ్చుకునే పసుపు గీతలు దాని ఆకారాన్ని గడ్డిపోచల నీడల్లో కలిపేస్తాయి. శత్రువు కంట పడకుండా కాపాడే ఆ గీతలే దానిని ఆసియా దేశాల పెంపుడు జంతువుల బజారులో ఖరీదైన సరుకుగా మార్చాయి. కాళ్లూ తలా కదలకుండా టేపు చుట్టి, సూట్‌కేసుల్లో కుక్కి విమానం ఎక్కిస్తారు. భారత్‌లోని ఒక్క సేకరణ కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 తాబేళ్లు తరలిపోతున్నాయని 2015లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఇంట్లో పెంచుకుంటే కలిసొస్తుందన్న మన నమ్మకం కూడా ఈ వ్యాపారానికి కొంత ఊతమిచ్చిందని ఒప్పుకోక తప్పదు.

వీటిని పట్టడం మన చట్టం ప్రకారం నేరమే అయినా, వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైట్స్‌లో ఈ జాతి 2019 వరకు రెండో అనుబంధంలోనే ఉండేది. అంటే అనుమతి పత్రాలుంటే దేశాల మధ్య క్రయవిక్రయాలు చెల్లేవి. మెట్టలో పట్టిన పిల్లను ఫారంలో పుట్టినట్లు చూపిస్తే, డిప్పను చూసి తేడా చెప్పడం కస్టమ్స్ అధికారికి సాధ్యం కాదు. ఆ ఏడాది ఆగస్టులో జెనీవాలో జరిగిన సదస్సు, భారత్‌తో పాటు మరికొన్ని దేశాలు చేసిన ప్రతిపాదనను ఆమోదించి, దానిని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చింది.

అయితే దేశాల మధ్య సహకారం చాలాసార్లు విమానాశ్రయంలో పట్టుకోవడంతోనే ఆగిపోతుందని నా అభిప్రాయం. 2018లో సింగపూర్ నుంచి 51 తాబేళ్లు కర్ణాటకకు తిరిగి వచ్చాయి. అలా వచ్చినవాటిని నేరుగా అడవిలో వదలడానికి వీల్లేదు; ఇరుకు పెట్టెల్లో ఇతర తాబేళ్లతో కలిసి ఉన్నందున రోగాలు అంటి ఉండవచ్చు, పైగా వాయవ్య భారతపు తాబేళ్లకూ దక్షిణాది తాబేళ్లకూ జన్యుపరమైన తేడాలున్నాయి. విదేశంలో పట్టుబడి వెనక్కి వచ్చిన తాబేళ్లది ఏ ప్రాంతమో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు వాటి డీఎన్‌ఏను పరిశీలించి, ఫలితాలను 2006లోనే ప్రచురించారు. పట్టుకున్న దేశం తాబేళ్లతో పాటు వాటిని తెచ్చిన ప్రయాణికుడు ఎక్కడ విమానమెక్కాడు, ఎవరికి అప్పగించబోయాడు అన్న వివరాలనూ పంపితే, ఆ పరీక్ష ఫలితం శాస్త్రవేత్తలతో పాటు దర్యాప్తు అధికారులకూ అక్కరకొస్తుంది.