తీసేసిన ఫైలు నా పరువు తీసింది (నా అనుభవం)

నిద్ర సరిపోక కళ్ళు మండుతున్నాయి, అయినా కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నిన్న సాయంత్రం ఆరింటికి బ్యాగ్ సర్దుకుంటుంటే సైట్ పడిపోయిందని ఫోన్. లినక్స్ సర్వర్‌లోకి లాగిన్ అయి, డిస్క్‌లో చోటు ఎంతుందో చూపే డీఎఫ్ మైనస్ హెచ్ (df -h) కమాండ్ కొట్టాను. 40 జీబీ డిస్క్, వాడింది 38, మిగిలింది సున్నా, 100 శాతం. (ఆ రెండూ ఎటు పోయాయని కంగారు పడకండి, డిస్క్ మీద ఫైళ్ళను అమర్చే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం రూట్ (అడ్మిన్ యూజర్) కోసం దాచి ఉంచుతుంది.) ఫైళ్ళ సైజు లెక్కేసే డీయూ (du)తో ఒక్కో ఫోల్డరూ చూసుకుంటూ పోతే, జరిగినవన్నీ రాసిపెట్టే మా అప్లికేషన్ లాగ్ ఫైలు ఒక్కటే 22 జీబీ. ఎవరో డీబగ్ (ప్రతి చిన్న విషయమూ లాగ్‌లో రాసే మోడ్) ఆన్ చేసి వదిలేశారు. ఎవరో నాకు తెలుసు, చెప్పను. ఫైళ్ళు తీసేసే కమాండ్ ఆర్ఎం (rm) కొట్టి తీసేశా.

కాల్‌లో క్లయింట్ వాళ్ళతో కలిపి తొమ్మిది మంది. "క్లియర్ చేశాను సార్, 22 జీబీ వచ్చింది" అన్నాను కాస్త గర్వంగానే. స్క్రీన్ చూపించమన్నారు. డీఎఫ్ కొట్టాను. 100 శాతం. మళ్ళీ కొట్టాను, అదే. డీయూ చూస్తే 16 జీబీయే వాడినట్టు చెబుతోంది, డీఎఫ్ 38 అంటోంది. "ఏంటయ్యా, ఏం క్లియర్ చేశావు?" అని మేనేజర్, అందరి ముందూ. వేరే ఫైలు తీసేశానేమోనని చెమటలు పట్టాయి. ఇరవై నిమిషాలు అలా తొమ్మిది మంది చూస్తుండగా రెండే కమాండ్లు మార్చి మార్చి కొట్టాను.

మూడు నెలల క్రితం చేరిన అమ్మాయి విడిగా మెసేజ్ పెట్టింది: "ఆ లాగ్ రాసే ప్రాసెస్ ఇంకా నడుస్తోంది కదన్నా, ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్ వన్ చూడండి." తీసేసినా ఇంకా తెరిచే ఉన్న ఫైళ్ళను చూపే కమాండ్ అది (lsof +L1). చూశాను. ఫైలు పేరు, పక్కనే డిలీటెడ్ అని, 22 జీబీ. ఆర్ఎం తీసేది పేరునే. ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, ఆ ఫైలును తెరిచి పట్టుకున్నంతసేపూ చోటు వెనక్కి రాదు. రేషన్ కార్డులో పేరు కొట్టేశాం, మనిషి మాత్రం ఇంట్లోనే కూర్చుని తింటున్నాడు. డీయూ కార్డు చూసి లెక్కేస్తుంది, డీఎఫ్ బియ్యం డబ్బా చూసి చెబుతుంది.

రీస్టార్ట్ చేస్తే అయిపోయేది, దానికి క్లయింట్ అనుమతి మెయిల్‌లో రావాలట! పడిపోయిన సైట్‌ను రీస్టార్ట్ చేయడానికి గంటన్నర. చేశాక 43 శాతం.

కాబట్టి నడుస్తున్న లాగ్‌ను ఆర్ఎం చేయకండి, ఫైలును ఉంచి లోపలిది మాత్రం ఖాళీ చేసే ట్రంకేట్ మైనస్ ఎస్ సున్నా (truncate -s 0) కొట్టండి. చోటున్నా ఫైలు రాయలేకపోతే డీఎఫ్ మైనస్ ఐ చూడండి, ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున కావాల్సిన రికార్డులు) అయిపోయి ఉండొచ్చు. డబ్బులు పోసి కొన్న మానిటరింగ్ టూల్‌ను మాత్రం నమ్మకండి. మాది 80 శాతం దగ్గరే హెచ్చరించిందట, ఉద్యోగం మానేసిన వాడి మెయిల్‌కి.

ఆ కసితో రాత్రి ఒంటిగంటకు ఏడు లైన్ల స్క్రిప్ట్ రాసి, పది నిమిషాలకోసారి నడిచేలా, చెప్పిన టైముకు కమాండ్లు నడిపే క్రాన్‌లో పెట్టాను: ఏ డిస్క్ 85 శాతం దాటినా మెయిల్, కాపీ మేనేజర్‌కి. పొద్దున లేచేసరికి మెయిల్‌బాక్స్ నిండా హెచ్చరికలే. ఉబుంటులో స్నాప్ పద్ధతిలో వచ్చే ప్రోగ్రాంల లూప్ మౌంట్లు (రాయడానికి వీల్లేని చిన్న డిస్కుల్లా కనిపించే ఫైళ్ళు) ఎప్పుడూ 100 శాతమే చూపిస్తాయని మర్చిపోయాను. వాటిని లెక్కలోంచి తప్పించడానికి డీఎఫ్‌కి మైనస్ ఎక్స్ స్క్వాష్‌ఎఫ్‌ఎస్ తగిలించాక ఆగాయి. మేనేజర్ ఇంకా ఫోన్ చేయలేదు.