ఎండ ముదిరితేనే మల్లె

కడప ఎండలంటే అందరూ ఉస్సూరంటారు. నాకు మాత్రం ఏడాదిలో ఇష్టమైన కాలం ఇదే, మా పెరట్లో గుండుమల్లె పూసే కాలం. మల్లెకు ఎండ తగలాలి. నీడలో పెడితే గుబురుగా ఆకు వేస్తుంది గానీ మొగ్గలు పెద్దగా రావు.

సంక్రాంతి అయ్యాక కొన్నాళ్లు నీళ్లు తగ్గిస్తాను. ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, మొదలు చుట్టూ పశువుల ఎరువు వేసి మళ్లీ నీళ్లు పెడతాను. బోసిపోయిన చెట్టును చూసి మా పక్కింటక్క బాధపడుతుంది. కానీ మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగురు కొసనే, అందుకే ఆ కత్తిరింపు. ఏప్రిల్, మేలో, మిద్దె మీద కాలు పెట్టలేని రోజుల్లోనే పొదంతా మొగ్గలు. తెల్లబడి ఇంకా విచ్చని మొగ్గలను పొద్దున్నే కోసి తడిబట్టలో చుట్టి పెడతాను. సాయంత్రం కట్టి పెట్టుకుంటే జడలోనే విచ్చుకుంటాయి. అప్పుడు వచ్చే వాసన బజారులో మూర లెక్కన కొన్న పూలకు నాకెప్పుడూ దొరకలేదు. జాగా లేనివాళ్లు ఎండ పడే చోట కుండీలోనైనా ఒక్క మొక్క పెట్టుకోండి, దయచేసి.

తిండికీ ఇదే కాలం. లేత చింతచిగురు కొన్ని వారాలే ఉంటుంది, కనిపించిన రోజే కొనాలి. ఈనెలు తీసి, చేత్తో నలిపి, కందిపప్పు బాగా ఉడికాకే వేయాలి. ముందే వేస్తే పులుపుకు పప్పు ఉడకదు. వేడి రాగి సంగటి, నెయ్యి, ఈ పప్పు ఉంటే మా ఇంట్లో ఇంకో కూర ఎవరూ అడగరు.

పచ్చి మామిడితో మా జేజి ఊరుబిండి చేసేది. వేయించిన చెనిక్కాయ గింజలు, ఎండుమిరపకాయలు, ఉప్పు రోట్లో దంచి, చివర్లో మామిడి ముక్కలు వేసి కచ్చాపచ్చాగా నూరాలి. మిక్సీలో మెత్తగా తిప్పితే ఆ రుచి పోతుంది. పండ్లకైతే రైల్వే కోడూరు తోటల బేనీషా. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బంగినపల్లి అదే. కాసేపు నీళ్లలో వేసి ఉంచి, ముక్కలు కోయకుండా తినడమే నాకిష్టం.

ఇక దాహానికి నన్నారి. సుగంధి వేర్ల పాకం, నిమ్మరసం, చల్లని కుండ నీళ్లు చాలు. సెలవులకొచ్చిన పిల్లలు మొదట కూల్‌డ్రింకే కావాలన్నారు. ఇప్పుడు నిమ్మకాయలు వాళ్లే కోస్తున్నారు.