ఎల్డర్ ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు, మావాడు మాల అడుగుతున్నాడు

టెక్సస్‌లో మా ఫ్రిస్కోలో మండుటెండలో తెల్ల చొక్కా, టై, నల్ల బ్యాడ్జీ పెట్టుకుని సైకిళ్ళ మీద జంటగా తిరిగే కుర్రాళ్ళని చూసే ఉంటారు, మోర్మన్ మిషనరీలు, అంటే మోర్మన్ చర్చి మత ప్రచారకులు. ఈ కుర్రాళ్ళని ఎల్డర్ అని పిలుస్తారు. మా వీధి వాట్సాప్ గ్రూప్‌లో మనవాళ్ళ సలహా ఒకటే, డోర్ తీయకండి అని. అమ్మ గుంటూరు నుంచి కొత్తగా వచ్చింది కదా, తెలీక తీసేసింది, తీసి ఆ చెమటలు చూసి ముందు మజ్జిగ కలిపి ఇచ్చింది. నయం, టీ కాఫీలు అయితే వాళ్ళు ముట్టరు. లోపలికి రండి బాబూ అంటే మాత్రం రాలేదంట, ఇంట్లో మగాళ్ళు లేకపోతే రాకూడదని వాళ్ళ రూలు, అమ్మేమో పాపం మైలేమో అనుకుంది 😀

తర్వాత మా ఆయన ఉన్నప్పుడు వచ్చారు. మా దేవుళ్ళు మాకున్నారు బాబూ అని ఆయన మర్యాదగానే చెప్పేశారు. సరే అని, ఏమన్నా పనుంటే చేసిపెడతాం అన్నారు, గరాజ్‌లో షెల్ఫులు బిగించి మావాడితో కాసేపు బాస్కెట్‌బాల్ ఆడి వెళ్ళారు. అలా అలవాటైపోయారు. వాళ్ళలో ఒకడిది ఐడహో, ఆలుగడ్డల రైతు కొడుకు. అది తెలిశాక అమ్మ వదుల్తుందా, క్వింటా ఎంత పలుకుతుంది, రేటు లేకపోతే ఎక్కడ దాస్తారు, మా మిర్చి అయితే కోల్డ్ స్టోరేజీలో పెడతాం... మధ్యలో నేను ట్రాన్స్‌లేటర్ని. పద్దెనిమిదేళ్ళ పిల్లాణ్ణి ఈ ప్రచారానికని (దాన్నే మిషన్ అంటారు) రెండేళ్ళు ఇంటికి రాకుండా వాళ్ళమ్మ ఎలా పంపిందే అని అమ్మ బాధ. 2019 నుంచి వారం వారం ఇంటికి ఫోన్ చేసుకోనిస్తున్నారంట, అంతకుముందు క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ తప్ప లేదు.

వాళ్ళకి ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు పడతాయి, ఎవరు ఎక్కడికో పైన మిషన్ ప్రెసిడెంట్ డిసైడ్ చేస్తాడు, కొద్దిరోజుల ముందు దాకా వీళ్ళకీ తెలీదు. ఐడహో అబ్బాయికి పడింది. మూటాముల్లె సర్దుకునే ముందు వీధంతా తిరిగి చెప్పాడు, ఎప్పుడూ తీయని ఎదురింటి బెల్ కూడా కొట్టాడు, ఈసారి తీశారు! మావాడు మాత్రం రూమ్‌లోంచి రాలేదు. వాడికి ఇలా ఎవరైనా వచ్చి చెప్పి వెళ్ళడం అలవాటు లేదు మరి. ప్రాజెక్ట్ అయిపోయిందనో వీసా తేడా వచ్చిందనో మన ఫ్యామిలీలు రాత్రికి రాత్రి ఇంకో స్టేట్‌కి వెళ్ళిపోతాయి, క్లాస్‌లో కుర్చీ ఖాళీ అయ్యాకే పిల్లలకి తెలుస్తుంది. ఆ అబ్బాయి తలుపు బయట నేల మీద కూర్చుని ఏవో బాస్కెట్‌బాల్ కబుర్లు చెప్తూ ఉన్నాడు, చివరికి వీడు తలుపు తీసి "నీ అసలు పేరేంటి" అని అడిగాడు. ఇన్నాళ్ళూ బ్యాడ్జీ మీదున్న ఇంటిపేరే తెలుసు వీడికి, ముందు ఎల్డర్ తగిలించి. చెప్పాడు, కానీ మిషన్ అయ్యేదాకా ఎల్డర్ అనే పిలువు అన్నాడు.

వెళ్ళాక ఒకటే ప్రశ్నలు, పేరెందుకు వద్దు, సినిమాలూ గర్ల్‌ఫ్రెండూ ఎందుకు వద్దు అని. మా తమ్ముడు ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు, ఆ నలభై ఒక్క రోజులూ నల్లబట్టలు, కటిక నేల మీద పడక, అందరూ స్వామీ అనాల్సిందే, వీడు కూడా వీడియో కాల్‌లో మావయ్య అనకుండా స్వామి అంటాడు. అది గుర్తుచేశా, టక్కున అర్థమైపోయింది. అక్కడితో ఆగితే బావుండేది. "మరి మనం ఎవరి ఇంటికీ వెళ్ళి మన దేవుడి గురించి చెప్పం ఎందుకు?" అన్నాడు. అడిగినవాళ్ళకి చెప్తాం, అడగనివాళ్ళని ఇబ్బంది పెట్టం అన్నా. వాళ్ళ మత ప్రచారం నాకు ఇప్పటికీ నచ్చదు, అది దాచలేదు. "ఆ ఎల్డర్ మనల్ని ఇబ్బంది పెట్టలేదుగా" అన్నాడు, నిజమే మరి.

ఇప్పుడు ఈ ఏడు తనూ కన్నెస్వామి అవుతాడంట, తమ్ముడు అక్కణ్ణుంచి ఒకటే ఎగదోస్తున్నాడు. నవంబర్ చలిలో చెప్పుల్లేకుండా స్కూల్‌కి ఎలా పంపాలో, ప్రిన్సిపాల్‌కి మెయిల్‌లో ఏమని రాయాలో మా ఆయన్ని తేల్చమన్నా. ఇక్కడ పిల్లలకి మాల వేయించినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి, సాక్స్ వరకు పర్లేదా?