ఏడు బూడిద ఛాయల్లో శశిరేఖ

గత నెలలో ఒక ఆదివారం, సీతమ్మధారలోని మా ఇంటి ముందు గదిలో, గాజువాక నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థినిని ఐదున్నర గంటలపాటు దాదాపు కదలకుండా కూర్చోబెట్టి, ముఖం, మెడ, భుజాలతో మొదలుపెట్టి వేళ్ల చివరల దాకా రంగులు వేసి ‘మాయాబజార్’ శశిరేఖగా మార్చాను. రంగులు అంటున్నాను గానీ, ఆమె ఒంటి మీద ఉన్నవి తెలుపు, నలుపు, ఆ రెంటి మధ్య ఏడు బూడిద ఛాయలు మాత్రమే. 1957 నాటి నలుపు తెలుపు చిత్రంలోంచి సావిత్రి గారు నేరుగా నడిచివచ్చి మన రంగుల లోకంలో కూర్చున్నట్టు కనిపించాలన్నది నా కోరిక. అందుకే ఫోటోను రంగుల్లోనే తీయాలని ముందే నిర్ణయించుకున్నాను. పక్కన ఇత్తడి పళ్లెంలో బంతిపూలు పసుపు పచ్చగా మెరుస్తుండగా, మనిషి మాత్రం పాత చిత్రంలోని ఫ్రేములా ఉండాలి.

పెళ్లికూతుళ్లకు మేకప్ చేయడం నా వృత్తి. ఆ అలవాటు వల్లనే మొదటిసారి ప్రయత్నించినప్పుడు పోలికల వెంట పడ్డాను. సావిత్రి గారి కనుబొమ్మల వంపు, కాటుక తోక, నిండైన బుగ్గలు అన్నీ కొలిచినట్టు గీశాను. తీరా చూస్తే బడి వార్షికోత్సవంలో సావిత్రి వేషం కట్టిన అమ్మాయిలా కనిపించిందే తప్ప, సావిత్రి గారు కనిపించలేదు. లోపం ఎక్కడుందో తెలియక ‘లాహిరి లాహిరి’ పాటను మళ్లీ మళ్లీ ఆపి చూశాను. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. మన మనసులో నిలిచిపోయిన ఆ ముఖంలో సగం ఆమెది, సగం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే గారు దాని మీద పడనిచ్చిన వెలుగుది. ఆ పాటలోని వెన్నెల నుదుటి మీద, చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద ఎక్కడెక్కడ నిలుస్తుందో, గడ్డం కింద ఎక్కడ నీడలోకి జారిపోతుందో దాన్ని గీస్తే చాలు, ముఖం దానంతట అదే వస్తుంది. ఈ చిత్రాన్ని 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. దాన్నీ ఇష్టంగానే చూశాను, కానీ నా పనికి కావలసిన వెలుగునీడలు పాత ప్రతిలోనే స్పష్టంగా దొరికాయి.

ఇక బూడిద రంగు దగ్గరకు వస్తే, అది చూసినంత తేలిక కాదు. మన చామనచాయ చర్మం మీద తెల్లరంగు పలుచగా వేస్తే అది తెల్లగా ఉండదు, నీలంగా మారుతుంది. మొదటి పూత ఆరగానే ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని, “ఇదేటక్కా, నీళ్లలో నానిపోయినదాన్లా ఉన్నాను?” అని బెదిరిపోయింది. ఆమె మాట నిజమే. దానికి విరుగుడు నారింజ రంగు. తడి స్పాంజి కొసకు లేశమాత్రం అంటించుకుని తెలుపులో కలిపితే నీలం విరిగి, పాత ఫోటోల్లో కనిపించే ఆ మెత్తని తెలుపు వస్తుంది. ఎక్కువైతే మళ్లీ మామూలు మేకప్ రంగులోకి వెళ్లిపోతుంది. ఒక్క నుదుటికే నాకు నలభై నిమిషాలు పట్టింది.

అన్నిటికంటే కష్టమైనది ముక్కు కింద నీడ. పై పెదవికీ ముక్కుకూ మధ్య ఉన్న చిన్న పల్లంలో, ఎడమ అంచున ముదురు బూడిద రంగు మొదలై కుడి అంచుకు వచ్చేసరికి దాదాపు తెలుపులో కలిసిపోవాలి. ఆ కాస్త చోటులో నాలుగు ఛాయలు పట్టాలి. సరిగ్గా అక్కడే చెమట మొదట పుడుతుంది. విశాఖ ఉక్కపోత సంగతి ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. పదకొండు గంటలకు కరెంటు పోయి ఏసీ ఆగిన పావుగంటలో ఆ నీడ మూడు చోట్ల విచ్చిపోయింది. తుడవకూడదు, తుడిస్తే కింది పూత కూడా లేస్తుంది. టిష్యూ కాగితాన్ని ఒక పొర విడదీసి మెల్లగా అద్ది, పౌడరు వేసి, మళ్లీ గీశాను.

చాలామంది మిత్రులు రామకృష్ణా బీచ్‌లో ఫోటోలు తీయమని సలహా ఇచ్చారు. సముద్రం వెనుక ఉంటే అందంగానే ఉండేది. కానీ ఎండలో నిలబెడితే సూర్యుడు తన నీడలు తాను వేస్తాడు, నేను గీసిన నీడలు వాటితో తగవు పడతాయి. ముఖం మీద వెలుగును ముందే గీసేసిన మనిషికి బయటి నుంచి ఏ పక్కకూ మొగ్గని, చదునైన వెలుతురు కావాలి. అందుకే ఉత్తరపు కిటికీకి తెల్లని పలుచటి దుప్పటి కట్టి గదిలోనే తీశాము.

రంగు దొంగలు ఇంకా కొన్ని ఉన్నాయి. జడలో పెట్టిన మల్లెపూలు తెల్లగానే ఉంటాయి కదా అనుకున్నాను, తొడిమల పచ్చదనం ఫోటోలో కొట్టొచ్చినట్టు కనిపించింది. తీసేసి గుడ్డపూలు పెట్టాను. అచ్చమైన తెలుపు పక్కన పళ్లు పసుపుగా కనిపిస్తాయి కాబట్టి పెదవులు విప్పవద్దని చెప్పాను. చెవుల లోపలి మడతలు, గోళ్ల అంచులు కూడా మరువకూడదు. హారాలేవీ నిజమైనవి కావు, ఒక్కొక్క పూసనూ దాని నీడతో సహా మెడ మీదనే గీశాను.

ఒంటికి రంగు వేయడం మనకు పరాయి విద్యేమీ కాదు. నా చిన్నతనంలో దసరాకు పులివేషం కట్టే ఆయన వీపు మీద చారలు గీస్తుంటే గంటల తరబడి చూస్తూ నిలబడేదాన్ని. తలుపులకు వేసే ఎనామిల్ రంగే పూసి, పండగయ్యాక కిరోసిన్‌తో రుద్ది తీసేవారు. ఆయన వీపు ఎర్రగా పొక్కిపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే చర్మానికి తగిన నీటి రంగులు తప్ప వేరేవి వాడను, ఇరవై నాలుగు గంటల ముందు మోచేతి మడతలో కొంచెం వేసి చూడనిదే పని మొదలుపెట్టను. బొమ్మలు వేసే అక్రిలిక్ రంగులు చవక అని ఒంటికి పూస్తున్నవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

చివర్లో ఆ అమ్మాయి ఒక ప్రశ్న వేసింది: “ఏ శశిరేఖనక్కా నేను? అసలుదా, మాయదా?” నేను దాని గురించి ఆలోచించనే లేదు. ఆ చిత్రంలో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గారి గొంతు మధ్యలో ఘంటసాల గారి గొంతు తొంగిచూస్తుంటే, సావిత్రి గారు అదే ముఖంతో, అదే నగలతో, భుజం విరుపుతోనూ కనుబొమ్మ ఎగరవేతతోనూ రంగారావు గారిలా మారిపోతారు. నేను జవాబు చెప్పేలోపే ఆ అమ్మాయి ఛాతీ విరిచి, ఎడమ కనుబొమ్మ ఎత్తింది. నలభై నిమిషాలు ఓపికగా వేసిన నుదుటి పూత వెంట్రుకవాసి గీతగా పగిలి, లోపలి చామనచాయ సన్నగా బయటపడింది. ఫోటోగ్రాఫర్ నా వైపు చూశాడు. తీయమన్నాను. ఆ తరువాత సరిదిద్ది తీసినవి ఇరవైకి పైగా ఉన్నాయి గానీ, అచ్చు వేయించి గోడకు పెట్టుకున్నది మాత్రం ఆ గీత ఉన్న ఫోటోనే.