గుండెలో చేపపిల్ల

రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుంటే చాలు, ఛాతీలో చేపపిల్ల ఒకటి గిలగిలా కొట్టుకున్నట్టు ఉంటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలి మూడేళ్లయింది, ఇంకా అలవాటు కాలేదు. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయి, అందుకే నాడి పట్టుకుంటే లెక్క కుదరదు. రెండు గబగబా, ఒకటి ఆలస్యంగా, మళ్లీ మూడు.

దడ కంటే నన్ను భయపెట్టేది ఆ గ్యాప్. ఒక్క క్షణం ఆగిపోయినట్టై, తర్వాత లోపలి నుంచి ఎవరో గుద్దినట్టు ధబ్‌మని ఒక దెబ్బ. మొదట్లో ఇలాగే అయితే ఆటో ఎక్కి ఈసీజీకి పరిగెత్తాను, తీరా పడుకోబెట్టి వైర్లు తగిలించేసరికి ఏమీ ఎరగనట్టు బుద్ధిగా కొట్టుకుంది! 24 గంటల హోల్టర్, అంటే ఒంటికి తగిలించుకుని తిరిగే చిన్న ఈసీజీ మిషన్, పెడితే గానీ దొరకలేదు. (మా అత్తయ్యకి మాత్రం ఇప్పటికీ అది గ్యాసే. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు గ్యాసే.)

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర మాత్రం ఏమీ అనిపించని రోజు కూడా మానను, గడ్డ మెదడుకి పోయేముందు చెప్పి పోదు కదా. ఛాతీ నొక్కేసినట్టున్నా, స్పృహ తప్పినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యమని మా ఆయనకి చెప్పిపెట్టాను. మిగతా రోజుల్లో, పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే దడ లెక్క కూడా.