బండ మీద నిలబడటం నేర్చుకున్నాను

నలభై దాటాక మొదటిసారి హైకింగ్‌కి వెళ్ళాను. పొలాల్లోంచి నడిచి, రాతిగుట్ట ఎక్కి, అవతలి వైపు దిగి మళ్ళీ పొలాల మీదుగానే తిరిగి రావాలి. మొత్తం 8 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 180 మీటర్లు. తీసుకెళ్ళిన స్నేహితురాలికి ఆ దారి కొట్టిన పిండి.

ఎంతసేపు పడుతుందో ముందే లెక్క వేసుకున్నాను. నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఉంది: 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఆ ప్రకారం మాకు రెండు గంటలు కూడా పట్టకూడదు. నిజానికి నాలుగున్నర పట్టింది. ఆ సూత్రం అలవాటున్నవాళ్ళకి, అదీ ఆగకుండా నడిస్తే. మొదటిసారి వెళ్ళేవాళ్ళు వచ్చిన లెక్కని రెట్టింపు చేసుకుని, ఆపైన ఇంకాస్త కలుపుకుంటే మంచిది.

మూడు వారాల ముందు నుంచీ రోజూ గంట నడిచాను, హైకింగ్‌కి వేసుకోబోయే బూట్లతోనే. కొత్త బూట్లతో నేరుగా వెళ్ళి ఉంటే మడమలు బొబ్బలెక్కేవి. ముందు రోజు కాలిగోళ్ళు కత్తిరించుకోమని స్నేహితురాలు మరీ మరీ చెప్పింది. ఎందుకో దిగేటప్పుడు గానీ తెలియలేదు.

తెల్లవారుతుండగా బయల్దేరాం. పొలం గట్ల మీద ఒకరి వెనక ఒకరం నడిచాం. గట్టు అంటే నాకు అప్పటిదాకా దారే. అది మడిలో నీళ్ళు నిలబెట్టే గోడ కూడా అని ఆ రోజు తెలిసింది. ఒకచోట అంచు మీద అడుగు వేశాను. మట్టి విరిగింది, సన్నగా నీళ్ళు పక్క మడిలోకి జారడం మొదలైంది. దూరం నుంచి రైతు చూశాడు. "నడిమధ్యన నడవండమ్మా, రాత్రే నీళ్ళు పెట్టాను" అన్నాడు, కోపం లేకుండానే. పార తీసుకుని వస్తుంటే నాకు చాలా బాధనిపించింది. క్షమించమని అడిగాను. అక్కడి నుంచి ప్రతి అడుగూ చూసి వేశాను.

పొలాలు దాటగానే పరుపుబండ. ఏటవాలుగా, పట్టుకోవడానికి ఏమీ లేకుండా పైదాకా పరుచుకుని ఉంది. ఇక్కడే నాకు అసలైన టెన్షన్ మొదలైంది. భయంతో ముందుకి వంగి చేతులు ఆనించాను. వెంటనే కాళ్ళు జారాయి.

"వంగకు, నిటారుగా నిలబడు. బరువంతా పాదాల మీద పడనీ" అంది స్నేహితురాలు.

ఒళ్ళు దానికి ఒప్పుకోదు. కానీ బూటు అడుగు బండకి ఎంత గట్టిగా నొక్కుకుంటే పట్టు అంత ఎక్కువ. వంగితే బరువు చేతుల మీదికి పోతుంది, పాదం తేలికై జారుతుంది. మునివేళ్ళ మీద కాకుండా పాదమంతా ఆనించి చిన్న చిన్న అడుగులు వేయాలి. పదడుగులు అలా వేశాక బండ నన్ను నిజంగానే పట్టుకుందనిపించింది. ఆ క్షణాన్ని మర్చిపోలేను.

రెండు చోట్ల మాత్రం బండని నమ్మకూడదు. నీళ్ళు కారిన నల్లటి చారల్లో పాచి ఉంటుంది, తడిస్తే నిలబడనివ్వదు. గ్రానైట్ అరిగి రాలిన గరుకు ఇసుక ఉన్నచోట ఆవాల మీద కాలు పెట్టినట్టే.

పైన గుండ్లు. ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. ఎక్కడి నుంచో దొర్లి వచ్చాయనుకున్నాను. కాదట. నేల లోతున చల్లబడి గట్టిపడిన గ్రానైట్‌లో పగుళ్ళు ఉంటాయి. వాటిలోకి దిగిన నీరు రాతిని మెల్లగా కుళ్ళబెడుతుంది. మూలని మూడు వైపుల నుంచీ, అంచుని రెండు వైపుల నుంచీ తింటుంది కాబట్టి మూలలే ముందు అరిగి, దిమ్మె గుండ్రంగా అవుతుంది. చుట్టూ ఉన్న మెత్తటి మట్టి వానలకి కొట్టుకుపోయాక గుండు బయటపడుతుంది. అంటే చాలా గుండ్లు పుట్టినచోటే ఉన్నాయి! ఒకదానికి వీపు ఆనించి చాలాసేపు కూర్చున్నాను.

దిగడం ఎక్కడం కంటే కష్టం. వేళ్ళు బూటు ముందు భాగానికి తగులుతుంటే గోళ్ళ సంగతి అర్థమైంది. మోకాళ్ళు వణికాయి. బండ వేడెక్కింది. తెచ్చుకున్న రెండు లీటర్ల నీళ్ళలో సగం దిగడానికని అట్టేపెట్టుకోవడం ఎంత మేలో! ఒక ఏటవాలు దగ్గర కాళ్ళు కదల్లేదు. "కూర్చుని దిగు, అందులో తప్పేం లేదు" అంది. కూర్చునే దిగాను.

మళ్ళీ అదే గట్టు. పొద్దున నా అడుగుకి విరిగినచోట కొత్త మట్టి వేసి, పారతో నున్నగా మెత్తి ఉంది. ఇంకా ఆరలేదు. దాని మీద కాలు పడకుండా పెద్ద అంగ వేసి దాటాను.