94 అడుగులూ వెంటపడ్డాం

అమెరికాలో ఒక చిన్న కళాశాల పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు నేను సహాయ కోచ్‌గా ఉన్న రోజులవి. మాది డివిజన్ 3, కళాశాల క్రీడల్లో మూడో అంచె. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్పులు ఉండవు. చదువుకోవడానికి వచ్చినవాళ్లతోనే జట్టు కట్టుకోవాలి. పొడగరులు మా గుమ్మం తొక్కేవారు కాదు. సగం కోర్టులో నిలబడి పద్ధతిగా డిఫెన్స్ ఆడేవాళ్లం, పద్ధతిగానే ఓడిపోయేవాళ్లం. ఫిబ్రవరిలో సీజన్ ముగిసేసరికి 25 ఆటల్లో గెలిచినవి 7.

ఆ వారంలోనే హెడ్ కోచ్ నన్ను పిలిచి, "వచ్చే ఏడాది మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా ఫుల్ కోర్ట్ ప్రెస్ వేద్దాం" అన్నారు. అంటే సగం కోర్టులో ఆగకుండా, 94 అడుగుల కోర్టంతా అవతలివాళ్ల వెంటపడటం. ఆయన మనసులో ఉన్నది 1964 నాటి యూసీఎల్‌ఏ, లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయ జట్టు. జాన్ వుడెన్ తయారుచేసిన ఆ జట్టు మొదటి అయిదుగురిలో ఆరడుగుల అయిదంగుళాలు మించినవాడు లేడు. ముందు ఇద్దరు, మధ్యలో ఇద్దరు, వెనుక ఒకడు నిలిచే 2-2-1 ప్రెస్‌తో 30 ఆటలకు 30 గెలిచారు. ఫైనల్లో తమకన్నా పొడవైన డ్యూక్‌ను 98-83 తేడాతో ఓడించారు.

"వాళ్లకు వాల్ట్ హజార్డ్, గెయిల్ గుడ్‌రిచ్ ఉన్నారు. మనకు ఎవరున్నారు?" అన్నాను.

"మనకు పన్నెండు మంది ఉన్నారు" అన్నారాయన. ఆ మాట అప్పుడు నా తలకెక్కలేదు.

అక్టోబరులో సాధన మొదలైంది. పరుగుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 50 అడుగుల వెడల్పున్న కోర్టులో ఈ గీత నుంచి ఆ గీతకు నిమిషంలో 17 సార్లు పరుగెత్తాలి. మొదటి వారం వాంతులు, రెండో వారం తిట్లు, మూడో వారానికి అలవాటు. ఇరవై ఏళ్ల ఒళ్లు చెప్పిన మాట వింటుంది. విననిదల్లా బుర్రే.

ట్రాప్ సంగతే చూడండి, అంటే బంతి ఉన్నవాణ్ణి ఇద్దరు కలిసి బంధించడం. బంతి అందుకున్నవాణ్ణి మూలకు తోలాలి. అక్కడ కోర్టు చివరి గీత బేస్‌లైనూ, పక్క గీత సైడ్‌లైనూ మన తరఫున ఆడతాయి. ఒకడు సైడ్‌లైన్ వెంట దారి మూస్తాడు, రెండోవాడు మధ్య నుంచి వచ్చి అతుక్కుంటాడు. ఇద్దరి మోకాళ్ల మధ్య సందు ఉండకూడదు. చేతులు పైకెత్తి ఉంచాలి తప్ప బంతి మీద వేయకూడదు. వేస్తే ఫౌల్, అర్ధభాగంలో జట్టు ఏడో ఫౌల్ నుంచి అవతలివాళ్లకు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు, ధారపోసినట్టే. ఇంతవరకు ఎవరికైనా నేర్పవచ్చు. కష్టమంతా మూడోవాడితో. తన మనిషిని గాలికొదిలేసి, చిక్కినవాడు ఎటు విసరబోతున్నాడో ఊహించి, బంతి చెయ్యి దాటకముందే ఆ దారిలోకి దూకాలి. "నీ మనిషిని వదలకు" అని చిన్నప్పటి నుంచి నూరిపోయించుకున్న కుర్రాళ్లు వీళ్లు. ఒక అడుగు వేస్తారు, ఆగుతారు, వెనక్కి చూసుకుంటారు. ఆ అర సెకనులో పాస్ వెళ్లిపోతుంది, ఆ చివర బుట్ట పక్క నుంచి వేసే సులువైన షాట్, లేఅప్, పడుతుంది. నాకు కబడ్డీ గుర్తుకొచ్చేది. ఒకడు చీలమండ పట్టాక మిగతావాళ్లు తటపటాయిస్తే కూత పెట్టినవాడు గీత తాకేస్తాడు, పట్టినవాడు బలైపోతాడు.

నవంబరులో మొదటి మూడు ఆటలూ చిత్తుగా ఓడిపోయాం. ఒకదాంట్లో ఆరు నిమిషాలు తిరగకముందే ఏడు ఫౌళ్లు.

ఆ రాత్రి వీడియో ముందు కూర్చుంటే అసలు లోపం బయటపడింది. మా ప్రెస్ విఫలం కావడం కన్నా, అసలు మొదలే కాకపోవడం ఎక్కువ. మన షాట్ పడితేనే అవతలివాడు బంతి తీసుకుని బేస్‌లైన్ బయటికి వెళ్లాలి. ఆ రెండు మూడు సెకన్లే మనం ఎవరి చోటికి వాళ్లం చేరుకునే వ్యవధి. షాట్ తప్పిందా, వాళ్లు తిరిగొచ్చిన బంతి (రీబౌండ్) పట్టి పరుగే. మావాళ్ల షాట్లేమో సగం కూడా పడేవి కావు. అప్పటి నుంచి రోజూ చివరి అరగంట ఫ్రీ త్రోలకు కేటాయించాం. ఫ్రీ త్రో పడిన క్షణం కన్నా ప్రెస్‌కు మంచి ముహూర్తం లేదు. ఆట ఆగి ఉంటుంది, మనవాళ్లు ముందే సర్దుకుని ఉంటారు. డిఫెన్స్ కోసం ఫ్రీ త్రోలు వేయించే కోచ్‌లను ఎక్కడా చూడలేదని సెంటర్ స్థానంలో ఆడే మావాడు గొణుగుతూనే వేసేవాడు.

పన్నెండు మంది అన్న మాట కూడా అప్పుడే అర్థమైంది. అయోవాలోని గ్రిన్నెల్ కళాశాలలో డేవిడ్ ఆర్సెనో అయిదుగురిని ఒక్కసారిగా బయటికి పిలిచి, కొత్తగా అయిదుగురిని పంపే పద్ధతి నడిపారు. 2012 నవంబరు 20న జాక్ టేలర్ ఒక్కడే 138 పాయింట్లు చేసింది ఆ జట్టుకే. లోకానికి ఆ అంకె గుర్తుండిపోయింది, మాకు కావలసింది మాత్రం ఆ మార్పిడి. మేమూ అదే మొదలుపెట్టాం. అంతకుముందు ఏడాది ఆటకు 35 నిమిషాలు ఆడిన మా ప్రధాన స్కోరర్‌కు ఇప్పుడు దక్కేవి 20.

"కోచ్, నేనింకా అలసిపోలేదు" అన్నాడు ఒకసారి బెంచీ మీద కూలబడుతూ.

"అందుకే పిలిచాం" అన్నాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. అతని స్థానంలో ఉంటే నేనూ మాట్లాడేవాణ్ణి కాదు.

ఆటలో నా పని బెంచీ చివర కూర్చుని డిఫ్లెక్షన్లు లెక్కపెట్టడం. మనవాడి వేలు బంతికి తగిలితే చాలు, ఒక నిలువు గీత. ఆటకు 35 అన్నది పేరున్న కోచ్ రిక్ పిటినో తన జట్లకు పెట్టిన లక్ష్యం. మాకు మొదట్లో 15 దాటడమే గగనం, జనవరికి 30 దగ్గరికి వచ్చాం. కానీ లాక్కున్న బంతులు నేను ఆశించినంతగా పెరగలేదు. అయినా గెలుస్తున్నాం! ఎందుకో తెలియక కాగితం మీద రెండో గడి గీశాను: అవతలి జట్టు సగం కోర్టు దాటడానికి పట్టే సెకన్లు. నిబంధన ప్రకారం వాళ్లకున్నవి 10. మా ప్రెస్‌ను ఛేదించినప్పుడు కూడా ఎనిమిదో తొమ్మిదో పోయేవి. షాట్ వేయడానికి ఉన్న 30 సెకన్ల గడువులో (షాట్ క్లాక్) మిగిలిన 21లో, రొప్పుతూ ఏదో ఒక షాట్ విసిరేవాళ్లు. మేం దొంగిలిస్తున్నది బంతిని కాదు, సమయాన్ని. ఆ ఏడాది 14 గెలిచాం. గొప్పేమీ కాదు.

ఫిబ్రవరిలో ఒక ఆట, చివరి నాలుగు నిమిషాలు. మా ఫ్రీ త్రో పడింది. వాళ్ల సెంటర్ బంతి పట్టుకుని బేస్‌లైన్ వెనుక నిలబడ్డాడు. పాస్ అందుకోవలసిన పాయింట్ గార్డ్, జట్టులో బంతిని నడిపించేవాడు, మావాడి వెనుకే ఉండిపోయాడు. పక్కకు జరగలేదు, చెయ్యి చాపలేదు. షార్ట్స్ అంచులు రెండు చేతులతో పట్టుకుని నేల చూస్తున్నాడు. సెంటర్ పిలుస్తూనే ఉన్నాడు. రెఫరీ చెయ్యి ఊపుతూ అయిదు లెక్కపెట్టి ఈల వేశాడు. గడువు దాటింది, బంతి మాది.

బంతిని మావాళ్లెవరూ తాకలేదు. అది కోర్టులోకే రాలేదు. నా పెన్సిల్ రెండు గడుల మధ్య ఆగిపోయింది. తల ఎత్తేసరికి మావాళ్లు లేఅప్ వేసేసి, మళ్లీ ప్రెస్‌కు నిలబడి ఉన్నారు.